అనంతపురం మ్యూజియం, నీలం సంజీవరెడ్డి ప్రాజెక్టు: పిల్లలతో ఒక్కరోజులో ఏం చూడొచ్చు?

మీరు అడిగింది ఇది: బెంగళూరులో ఉంటున్నారు, దసరా సెలవులకు అనంతపురంలో అమ్మగారింటికి వస్తున్నారు. తొమ్మిదో తరగతి చదివే బాబుకు "మీ సొంత ఊరు, అక్కడి నుంచి ఎదిగిన ఒక జాతీయ నాయకుడు" అని స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. బాబు రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి గారిని ఎంచుకున్నాడు. ఊళ్ళో ఉన్న జిల్లా పురావస్తు మ్యూజియం చూపిస్తే సరిపోతుందా, చిన్న మ్యూజియం కదా పిల్లలకు విసుగు రాదా, ఆరేళ్ళ పాపను కూడా తీసుకెళ్ళొచ్చా అని అడిగారు.

వెళ్ళండమ్మా, పాపను కూడా తీసుకెళ్ళండి. గంటన్నర చాలు. కానీ మ్యూజియం ఒక్కటే చూస్తే మీ బాబు ప్రాజెక్టు సగమే అవుతుంది. అది పురావస్తు మ్యూజియం. విగ్రహాలు, శాసనాలు, వీరగల్లులు, అంటే వందల ఏళ్ళ కిందటి సీమను చూపించడం దాని పని. రాష్ట్రపతి కథ మొన్నటిది. అది ఊళ్ళోనూ ఊరి చుట్టూనూ పరుచుకుని ఉంది: ఆయన చదివిన ఆర్ట్స్ కాలేజీలో, పుట్టిన ఇల్లూరులో, మీ అమ్మగారింట్లో పెద్దవాళ్ళ మాటల్లో. పొద్దున మ్యూజియం, ఆ తర్వాత కాలేజీ, ఎండ తగ్గాక ఇల్లూరు. ఈ వరుసలో తిరిగితే ఒక్కరోజులో పని అవుతుంది.

నేను ఈ జిల్లాలోనే ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్పి రిటైరయ్యాను. దాదాపు ఏటా ఒక బ్యాచ్‌ను ఏదో ఒక మ్యూజియంకు తీసుకెళ్ళేవాణ్ణి. కాబట్టి పిల్లలు ఎక్కడ ఆగుతారో, ఎక్కడ ఆవలిస్తారో చూసి చెబుతున్నాను.

మొదటి రెండు మూడేళ్ళు నేను పెద్ద తప్పు చేశాను. ప్రతి పిల్లవాడికీ నోటుబుక్కు ఇచ్చి, ప్రతి వస్తువు కిందా ఉన్న పలకను ఎక్కించుకోమన్నాను. అందరూ రాశారు. వారం తర్వాత క్లాసులో అడిగితే ఒక్కరికీ ఒక్క విగ్రహం గుర్తులేదు. వాళ్ళు అక్షరాలు చూశారే గాని రాయిని చూడలేదు. ఆ పిల్లలకు ఒక మంచి రోజు పాడుచేశానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. తర్వాతి ఏడు పద్ధతి మార్చాను.

మూడు వస్తువులే ఎంచుకోమనండి. లోపలికి వెళ్ళగానే ఎక్కడా ఆగకుండా ఒక చుట్టు తిరగండి. పది నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత ఎవరికి నచ్చిన మూడింటి దగ్గరకు వాళ్ళు వెళ్ళి కూర్చోవాలి. అవును, కూర్చోవాలి. ఒక్కోదాని దగ్గర పది పదిహేను నిమిషాలు. పాపకు తెల్ల కాగితం, పెన్సిల్ ఇచ్చి నందినో ఏనుగునో గీయమనండి. బొమ్మ ఎలా వచ్చినా ఫరవాలేదు. గీయాలంటే చూడక తప్పదు.

బాబు ఎంచుకునే మూడింటిలో ఒకటి వీరగల్లు అయ్యేట్టు చూడండి. రాయలసీమ చరిత్రను పిల్లలకు చెప్పడానికి దానికి మించిన వస్తువు నాకు దొరకలేదు. ఊరికోసం, పశువులకోసం పోరాడి చచ్చిపోయినవాడి జ్ఞాపకంగా నిలబెట్టిన రాయి అది. సాధారణంగా మూడు అంతస్తులుంటాయి, కింది నుంచి పైకి చదవాలి. కింద యుద్ధం: కత్తి, డాలు, ఒక్కోసారి విల్లు, గుర్రం. మందను కాపాడుతూ చనిపోయినవాడైతే ఒక మూల ఆవులు కనిపిస్తాయి. నడిమి అంతస్తులో ఇద్దరు అప్సరసలు అతణ్ణి చెరో భుజం పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. పై అంతస్తులో శివలింగం ముందు చేతులు జోడించి కూర్చుని ఉంటాడు. శిఖరాన సూర్యుడు, చంద్రుడు. ఆ రెండూ ఉన్నంతకాలం ఈ పేరు ఉండాలని. చిన్నప్పుడు మనం చదివిన "ఆచంద్రార్కం" అన్న మాట ఇక్కడ బొమ్మగా కనిపిస్తుంది.

ఒకసారి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వీరగల్లు ముందు చాలాసేపు నిలబడి, "సార్, ఇది మా ఊళ్ళో ఉంది" అంది. వాళ్ళ ఊళ్ళో చెరువుకట్ట కింద పసుపు పూసి, బొట్లు పెట్టి, ఏటా పొంగలి పెట్టే దేవతరాయి అట. తర్వాత ఆదివారం వాళ్ళ ఊరికి వెళ్ళి చూశాను. పసుపు కింద రౌతు, గుర్రం, పైన సూర్యచంద్రులు. వాళ్ళ అవ్వ ఆ రాయికి పెట్టిన పేరు వేరు, చెప్పే కథ వేరు. అయినా చచ్చిపోయిన ఒక మనిషిని వందల ఏళ్ళుగా ఆ ఊరు అన్నం పెట్టి గుర్తుంచుకుంటోంది. ఆ పిల్ల ఆ రోజు నుంచి చరిత్రను పరీక్షకోసం చదవడం మానేసింది. మీ అమ్మగారి సొంత ఊళ్ళో కూడా ఇలాంటి రాయి ఉండి ఉంటుంది, అడిగి చూడండి. మోచేతి దగ్గర వంచి పైకెత్తిన గాజుల చెయ్యి ఒక్కటే చెక్కిన రాయి కనిపిస్తే అది సతికల్లు. దాని గురించి పిల్లలకు చెప్పేటప్పుడు దాచిపెట్టొద్దు, గొప్ప చేసి చెప్పొద్దు. భర్తతోపాటు చితి మీదికి వెళ్ళిన ఆడమనిషి గుర్తు అది. ఎందుకలా చేసేవాళ్ళని బాబు అడుగుతాడు, అడగాలి కూడా.

రెండోది శాసనం. బెంగళూరులో చదివే పిల్లవాడికి ఇక్కడ ఒక లాభం ఉంది, మా పిల్లలకు లేనిది. బాబుకు స్కూల్లో కన్నడ ఉంటుంది, ఇంట్లో తెలుగు వింటాడు. పాత శాసనాల్లో తెలుగుకూ కన్నడకూ లిపి ఒకటే, తర్వాతి శతాబ్దాల్లో నెమ్మదిగా విడిపోయాయి. పైగా మన జిల్లా రెండు భాషల సరిహద్దు, ఇక్కడ కన్నడ శాసనాలు బోలెడు. రెండు అక్షరమాలలూ తెలిసిన పిల్లవాడు శాసనం ముందు నిలబడితే అక్కడొకటి ఇక్కడొకటి అక్షరం పట్టుకోగలడు. నాలుగైదు అక్షరాలు దొరికినా చాలు, పండగే. పక్కనున్న కడప జిల్లాలోని కలమళ్ళ, ఎర్రగుడిపాడు శాసనాలు రేనాటి చోళులవి, తెలుగులో దొరికిన మొట్టమొదటి శాసనాల్లో లెక్క. అవి ఆరో శతాబ్దానివి. మన భాష రాతకెక్కింది ఈ సీమ రాళ్ళ మీదే అని బాబు ప్రాజెక్టులో ఒక వాక్యం రాసుకోవచ్చు.

దానశాసనమైతే చివరి వరుసల్లో ఏముందో అక్కడి సిబ్బందిని అడగండి. సాధారణంగా శాపం ఉంటుంది: ఈ భూమిని లాక్కున్నవాడు అరవైవేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడనో, వారణాసిలో కపిల గోవును చంపిన పాపాన పోతాడనో. పిల్లలకు ఇది భలే నచ్చుతుంది. పోలీసులు, రిజిస్ట్రారు ఆఫీసు లేని కాలంలో దస్తావేజును ఎలా కాపాడుకున్నారో కూడా అర్థమవుతుంది.

మూడోది బాబు ఇష్టానికి వదిలేయండి.

ఇంకొక మాట. చిన్న మ్యూజియంలో మనుషులు తక్కువ, అదే దాని బలం. హైదరాబాదు సాలార్‌జంగ్‌లో జనం తోస్తుంటే ముందుకు నడవాల్సిందే. ఇక్కడ ఒక్క విగ్రహం ముందు అరగంట నిలబడినా ఎవరూ కదలమనరు. కాపలా ఉండే వ్యక్తిని "అన్నా, మీకు ఇక్కడ ఏది ఇష్టం?" అని అడగండి. ఏళ్ళ తరబడి వాటి మధ్య గడిపిన మనిషి. ఏ విగ్రహం ఏ ఊరి పొలంలో నాగలికి తగిలిందో చెప్పేవాళ్ళు నాకు చాలాసార్లు తారసపడ్డారు. పలకల మీద అలాంటి సంగతులు ఉండవు.

ఇక రాష్ట్రపతి సంగతి.

మ్యూజియం నుంచి నేరుగా ఆర్ట్స్ కాలేజీకి వెళ్ళండి. 1916లో పెట్టిన కాలేజీ, అప్పట్లో దత్తమండల కళాశాల అనేవాళ్ళు. నిజాం 1800లో ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీవాళ్ళకు ఇచ్చేశాడు, అందుకే దత్తమండలాలు. రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభలో వచ్చింది. ఈ కాలేజీ తొలి రోజుల్లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కొంతకాలం ఇక్కడ తత్వశాస్త్రం బోధించారు. దశాబ్దంపైన గడిచాక నీలం సంజీవరెడ్డి గారు విద్యార్థిగా చేరారు. ఒక రాష్ట్రపతి పాఠం చెప్పిన చోటే ఇంకొక రాష్ట్రపతి బెంచీ మీద కూర్చున్నారు. సెలవుల్లో గేటు దగ్గర అనుమతి అడగాల్సి రావచ్చు. లోపలికి పంపకపోయినా బయట నిలబడి ఈ మాట చెప్పండి, చాలు.

అక్కడే ఇంకొకటి చెప్పండి. సంజీవరెడ్డి గారు ఆ చదువు పూర్తిచేయలేదు. 1929లో గాంధీగారు అనంతపురం వచ్చారు. ఆ ప్రభావంతో 1931లో కాలేజీ వదిలి ఉద్యమంలోకి వెళ్ళిపోయారు. పట్టా లేదు. 1958లో, ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఇప్పుడు ప్రాజెక్టు గురించి నా గట్టి అభిప్రాయం. ఇలాంటి ప్రాజెక్టులు వందలు దిద్దాను. అన్నీ ఒకలాగే ఉంటాయి: పుట్టింది 1913 మే 19, ఇల్లూరు, ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, 1956, లోక్‌సభ స్పీకర్, 1967, ఆరో రాష్ట్రపతి, 1977. పదవుల పట్టిక. అందులో మనిషి కనిపించడు. బాబును పదవుల పక్కనే ఓటములు కూడా రాయమనండి. అప్పుడు కథ నడుస్తుంది.

1952 ఎన్నికల్లో అనంతపురంలో ఆయన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. నాగిరెడ్డి గారు ఎవరో కాదు, ఆయన బామ్మర్ది. ఒక కుటుంబంలో ఇద్దరు, రెండు దారులు, ఒకే నియోజకవర్గం. తరిమెల కూడా ఈ జిల్లాలోదే. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళు రాజకీయాలు మాట్లాడితే ఈ బావాబామ్మర్దుల ముచ్చట రాకుండా ఉండదు.

1964లో బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం మీద ఘాటైన వ్యాఖ్యలు చేశాక ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు.

1969 సంగతి అన్నిటికన్నా పెద్దది. కాంగ్రెస్ పార్టీ అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. ప్రధాని ఇందిరాగాంధీ మాత్రం ఎవరి అంతరాత్మ ప్రబోధం మేరకు వాళ్ళను ఓటెయ్యమన్నారు. పార్టీ రెండుగా చీలే దాకా వెళ్ళిన పోరు అది. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక స్వతంత్ర అభ్యర్థి వి.వి.గిరి గెలిచారు. చివరి లెక్కలో గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. ఇవి మనుషుల సంఖ్య కాదు, ఎంపీల, ఎమ్మెల్యేల ఓట్ల విలువ. ఆ లెక్క ఎలా వేస్తారో బాబు సివిక్స్ పుస్తకం చూసి రాస్తే ప్రాజెక్టుకు బరువొస్తుంది. ఇందులోనే ఇంకో మెలిక ఉంది. స్వాతంత్ర్య పోరాటంలో, క్విట్ ఇండియా రోజుల్లో, అమరావతి జైల్లో (మహారాష్ట్రలోది) ఈ గిరిగారూ ఈ సంజీవరెడ్డి గారూ కలిసి ఉన్నారు. టంగుటూరి ప్రకాశం, కామరాజ్ కూడా అక్కడే.

ఓడిపోయాక ఏం చేశారు? ఊరికి వచ్చి వ్యవసాయం చేసుకున్నారు. ఐదారేళ్ళు. ఈ ముక్క చెప్పకుండా ఇల్లూరు చూపిస్తే పిల్లలకు అది మామూలు ఊరు. చెప్పి చూపిస్తే, స్పీకర్ పదవి వదిలి, రాష్ట్రపతి ఎన్నికలో ఓడి, ఒక మనిషి తిరిగి వచ్చిన ఊరు. గార్లదిన్నె మండలం, గుత్తి వైపు వెళ్ళే హైవే మీంచి పక్కకు తిరగాలి. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్ళండి. రచ్చకట్ట దగ్గర ఎవరైనా పెద్దాయన ఉంటే "తాతా, మీరు ఆయన్ను చూశారా?" అని బాబుతోనే అడిగించండి. మీరు అడిగితే మర్యాదకు రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు, పిల్లవాడు అడిగితే కూర్చోబెట్టుకుని చెబుతారు. ఇళ్ళలోకి వెళ్ళి ఫోటోలు తీయొద్దు. ఫోన్లో మాట రికార్డు చేసేముందు అడగండి.

1977లో ఏం జరిగిందో మీకు తెలిసే ఉంటుంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 42 లోక్‌సభ సీట్లు, 41 కాంగ్రెస్‌వి. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది ఈయనే. మళ్ళీ స్పీకర్ అయ్యారు, నాలుగు నెలలు తిరక్కుండా రాష్ట్రపతి అయ్యారు, అదీ ఏకగ్రీవంగా. 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు. ప్రమాణస్వీకారం జూలై 25. ఇప్పటికీ రాష్ట్రపతులు ఆ తేదీనే ప్రమాణం చేస్తున్నారు. అప్పటికి ఆయన వయసు 64, అంతవరకూ అంత చిన్నవయసులో ఎవరూ రాష్ట్రపతి కాలేదు. 2022లో ద్రౌపది ముర్ము గారు కొద్ది రోజుల తేడాతో ఆ రికార్డు దాటారు. జీతంలో 70 శాతం వదులుకుంటానని, రాష్ట్రపతి భవన్ నుంచి చిన్న నివాసానికి మారాలనుకుంటున్నానని ఆ ఏడాది స్వాతంత్ర్య దినోత్సవం ముందురోజు ప్రకటించారు.

మెచ్చుకోలుతో ఆపొద్దు. 1979లో ప్రధాని మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశాక చరణ్‌సింగ్‌ను ప్రధానిగా పిలవడం, ఆయన లోక్‌సభను ఎదుర్కోకుండానే దిగిపోతే జనతా నాయకుడు జగ్జీవన్‌రామ్‌కు అవకాశం ఇవ్వకుండా లోక్‌సభను రద్దు చేయడం మీద అప్పట్లోనే పెద్ద దుమారం రేగింది. రాష్ట్రపతి ఏం చేసి ఉండాల్సింది అని బాబు తన సొంత మాటల్లో అర పేజీ రాస్తే, నేను దిద్దేవాణ్ణయితే దానికే ఎక్కువ మార్కులు వేస్తాను. మన ఊరి మనిషిని నిలదీసి చూడడం ఆయన్ను తక్కువ చేయడం కాదు.

కొన్ని చిన్న విషయాలు. పురావస్తు శాఖ మ్యూజియంలకు శుక్రవారం సెలవు ఉండటం మామూలు, పండగ రోజుల్లో కూడా మూస్తారు. దసరా సెలవులు కాబట్టి ముందురోజే ఇంట్లోవాళ్ళను పంపి కనుక్కోండి. ఒకసారి నేను కనుక్కోకుండా వ్యాను మాట్లాడి పిల్లల్ని తీసుకెళ్ళి, మూసిన గేటు ముందు నుంచి వెనక్కి తీసుకొచ్చాను. ఆ మొహాలు ఇంకా గుర్తున్నాయి. పొద్దున తెరవగానే వెళ్ళండి. ముందు కడుపునిండా ఉగ్గాని, బజ్జి తినిపించండి, ఆకలేసిన పిల్లవాడికి ఏ శిల్పమూ ఎక్కదు. కెమెరా అనుమతి ఉందో లేదో గేటు దగ్గరే అడగండి. రాయిని ముట్టుకోవద్దని పాపకు ముందే చెప్పండి.

సమయం మిగిలితే బుక్కరాయసముద్రం చెరువుకట్ట ఎక్కండి, ఊరి పక్కనే. బుక్కరాయల కాలంలో, పద్నాలుగో శతాబ్దంలో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడయరు కట్టించిన చెరువు. అనంతసాగరం కూడా అప్పటిదే, అనంతపురం పేరు దానితో ముడిపడిందే. కట్ట తెగబోతుంటే ఊరికోసం బలైన ముసలమ్మ కథ మీ అమ్మగారికి తప్పకుండా వచ్చి ఉంటుంది. ఆ కట్ట మీద ఆమె నోటే చెప్పించండి. పొద్దున చూసిన వీరగల్లుకూ ఈ కథకూ సంబంధం ఏమిటో బాబు తనే పట్టుకుంటాడు.

ఇంకో రోజు ఉందంటే ఇల్లూరు దారినే ముందుకు వెళ్ళి గుత్తి కోట, అక్కడి నుంచి పత్తికొండ దారిలో ఎర్రగుడి అశోకుని శాసనాలు. లేపాక్షికి ఇప్పుడు వద్దు, తిరుగు ప్రయాణంలో కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పక్కకు తిరిగితే మీ దారిలోనే వస్తుంది.

చివరి పేజీ మాత్రం బెంగళూరులోనే రాయాల్సి ఉంటుంది. రాష్ట్రపతిగా దిగాక ఆయన అనంతపురం వచ్చేశారు. 1996 జూన్ 1న బెంగళూరులో పోయారు. సమాధి అక్కడి కల్పల్లి శ్మశానవాటికలో ఉంది. సెలవులయ్యాక ఒక ఆదివారం పొద్దున బాబును తీసుకెళ్ళండి, ఇల్లూరులో రాసుకున్న నోటుబుక్కు కూడా వెంట ఉంచుకోమనండి.